స్తెఫను ఆర్ట్స్ వారి వాలు అక్షరాలు

హైదరాబాదు,
12 జూన్ 2025

మామయ్యకు, అత్తమ్మకు,

ఫోను ఉండగా ఉత్తరమేమిటని కంగారు పడకండి, అందరం క్షేమమే. నాకు మామయ్య చేతిరాత కావాలి, అది ఫోనులో రాదు. అందుకే స్టాంపు అంటించిన తిరుగు కవరు కూడా ఇందులోనే పెట్టాను.

మా ఆఫీసులో కంప్యూటర్లకూ ఫోన్లకూ అక్షరాలు తయారు చేస్తామని తెలుసు కదా. ఒక్కో తీరు అక్షరాల సెట్టును ఫాంటు అంటాం. ఏటా ఒక బోర్డు పెయింటరు అక్షరాలను ఫాంటుగా మార్చి అందరికీ ఊరికే ఇస్తాం. ఈస్టరుకు వచ్చినప్పుడు సారపాక సెంటర్లో కిషన్‌లాల్ మిఠాయి దుకాణం బోర్డు ఫొటో తీసుకున్నాను. అది చూసి మా బాసు రాజేష్ గారు తింటున్న సమోసా కింద పెట్టారు. అలా పెట్టడం నేను ఉద్యోగంలో చేరాక ఇదే మొదటిసారి. "ఇవి నిలబడి లేవమ్మా, ఎక్కడికో పోతున్నాయి" అన్నారు. నిజమే కదా! అంత లావు అక్షరాలు కుడికి ఒరిగి, తలకట్టు పైకి ఎగిరి, లావు గీత పక్కనే వెంట్రుకంత సన్న గీత. ఇంగ్లీషులో రాసిన పేరుకైతే ప్రతి అక్షరానికీ కింద చిన్న చిన్న పాదాలు కూడా ఉన్నాయి. చిన్నప్పటి నుంచి ఆ బోర్డు కింద నిలబడి జిలేబీ తిన్నాను గానీ, తలెత్తి చూడలేదు.

ఈ ఏడు మామయ్య అక్షరాలే తీసుకుందామని అనుకుంటున్నాం. ఫాంటుకు గీసినవాళ్ళ పేరే పెడతాం. ఏ దేశంలో ఎవరు టైపు చేసినా ఆ పేరు కనిపిస్తుంది. ఒకటే షరతు, నవంబరు లోపల అక్షరమాల మొత్తం రావాలి. బోర్డుల మీద దొరికినవన్నీ నేను ఫొటోలు తీయించుకుంటాను. దుకాణాల పేర్లలో దొరకని ఙ, ఞ, ౠ మాత్రం మామయ్య కొత్తగా గీసి పంపాలి. అవి రాకపోతే వరసలో ఉన్న ఇంకో ఊరి పెయింటరుకు అవకాశం వెళ్ళిపోతుంది.

ఆశతో,
మీ మహిమ


సారపాక,
20-6-2025

ప్రభువు కృప వలన బీపీ తప్ప అన్నీ బాగున్న మీ మామ స్తెఫను, ప్రియమైన మేనకోడలు మహిమను దీవించి వ్రాయునది.

నీ ఉత్తరం సాయంత్రం కుటుంబ ప్రార్థన తర్వాత పైకి చదివాను. ఈ ఇంటికి ఏ కాగితం వచ్చినా, అది కరెంటు బిల్లయినా సరే, వాక్యం అయ్యాక పైకి చదవడం మా నాయన పెట్టిన పద్ధతి. మీ అత్తమ్మ విని అంట్లు తోమడానికి లేచింది. ఆదివారం పాస్టరు గారు చర్చిలో ప్రకటన చేశారు. సెంటర్లో టీ తాగుతుంటే నలుగురు లేచి కుర్చీ ఇచ్చారు. మూడు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయనుకో, అయినా లేచారు.

లావు వాలక్షరం గుణం చదువుకున్నవాళ్ళు నీకు చెప్పరు కనుక నేను చెబుతాను. మొదటిది, అది జానెడు కంటే చిన్నగా ఉండకూడదు. చిన్నగా రాస్తే లావు గీతలు ఒకదాని మీద ఒకటి పడి పండుగ నాటి భద్రాచలం బస్సులా ఉంటుంది. రెండవది, నాలుగు మాటలకు మించకూడదు. దానితో కేక వేయవచ్చు గాని కథ చెప్పకూడదు. మూడవది, చోటు చూసి వేయాలి. మిఠాయి, బస్సు, టెంటు హౌసు, కబడ్డీ పోటీ, ఇవి పరుగెత్తేవి, వీటికి వాలక్షరం. గుడి, బడి, సమాధి, ఇవి నిలబడేవి, వీటికి నిలువక్షరం. ఈ తేడా తెలియని రోజుల్లో ఒక డాక్టరు గారికి "దవాఖానా" అని వాలుగా రాశాను. వచ్చిన పేషెంట్లు బోర్డు చూసి, "ఈ సారు మస్తు తొందరల ఉన్నట్టున్నడు, సూది సక్కగ ఇస్తడా?" అని వెనక్కి పోయారట. నెల తిరక్కుండా బోర్డు దింపించి నిలువుగా రాయించుకున్నాడు.

ఙ, ఞ సంగతి. నలభై ఏళ్ళలో ఙ తో దుకాణం పెట్టినవాడు ఒక్కడూ నా దగ్గరికి రాలేదు. ఆలోచించి, ప్రార్థించి పంపుతాను.

ఇట్లు,
స్తెఫను ఆర్ట్స్ ప్రొప్రయిటరు, నీ మామ

(పెన్సిలుతో)

మహిమా, మీ మామ మైదా ముద్దతో కవరు అతికించి మధ్యాహ్నం కునుకు తీస్తున్నాడు. తడి ఆరకముందే విప్పి రాస్తున్నాను. గీసేది నేను. చాక్‌పీసుతో నేను గీత గీస్తాను, ఆయన రంగు నింపుతాడు. 1984లో మొదటి బోర్డు నుంచి ఇంతే. బ్రష్షు పడితే ఆయన చెయ్యి దారం లాగినట్టు పోతుంది, చాక్‌పీసు పడితే సున్నా కూడా చుట్టలేడు. గోడ పనయితే జనం రాకముందు పోయి నేను గీసి వస్తాను. అన్నం డబ్బా ఇవ్వడానికి పోయానని అనుకుంటారు. ఈ సంగతి ఎవరికీ తెలియదు, నువ్వూ నోరు జారకు. ఙ మనసులో గీసుకునే ఉన్నాను, అడిగితే ఇస్తాను. ఆయన అడగడం లేదు. గీసినవాళ్ళ పేరు పెడతామని రాశావు. ఎవరి పేరు అని నేనూ అడగడం లేదు.

అత్తమ్మ


హైదరాబాదు,
1 జూలై 2025

మామయ్యా, అత్తమ్మా,

ఉత్తరం చేరింది. దవాఖానా కథ ఆఫీసులో చెబితే రాజేష్ గారు గోడ మీద రాసి పెట్టించారు, నిలువక్షరాల్లోనే.

అత్తమ్మా, నువ్వు రాసిన సంగతి రెండుసార్లు చదివాను. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో జరుగుతున్నా మాకెవరికీ తెలియలేదంటే! భయపడకు, నా కడుపులోనే ఉంటుంది. కానీ మామయ్యా, మీరే ముందుకొచ్చి ఒక్క మాట ఒప్పుకుంటే అందరికీ మంచిది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. దాచినకొద్దీ చివరికి మీకే నష్టం. ఇంతకంటే నేను చెప్పకూడదు, మీరు అర్థం చేసుకోగలరు.

మీ మహిమ


సారపాక,
9-7-2025

ప్రియమైన కోడలికి, గాయపడిన హృదయంతో మామ వ్రాయునది.

నీ ఉత్తరం యథాప్రకారం ప్రార్థన తర్వాత పైకి చదివాను. సగంలో కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. ఒప్పుకోమన్నావు. ఒప్పుకుంటున్నాను. షుగరు ఉందని డాక్టరు గారు చెప్పిన తర్వాత కూడా నేను కిషన్‌లాల్ దుకాణంలో జిలేబీ తింటున్నాను. ప్రతి మంగళవారం బోర్డు మీద దుమ్ము తుడవడానికి నిచ్చెన ఎక్కుతాను. దిగేసరికి అతను ఆకులో పెట్టి ఉంచుతాడు. రెండు. పండుగైతే నాలుగు. బోర్డుకు అంత దుమ్ము పట్టదని మీ అత్తమ్మ ఎప్పుడో కనిపెట్టి ఉంటుంది. అయినా ఇంటి సంగతి హైదరాబాదు దాకా రాయడం న్యాయమా?

ఇంత ఒప్పుకున్నాక మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె నా ముఖం చూసి, "గిదేనా నువ్వు ఒప్పుకునేది? నలభై ఏండ్ల సంసారంల నీకు ఒప్పుకునెతందుకు జిలేబీయే దొరికిందా?" అన్నది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. తెల్లారి రెండు చీరలు సంచిలో పెట్టుకొని తల్లాడలో వాళ్ళక్క ఇంటికి పోయింది. జిలేబీకి ఇంత శిక్షా?

సరే, పని ఆగకూడదు. ఇక్కడ గోడలన్నీ పార్టీలవాళ్ళు నింపేశారు. కారేపల్లి దగ్గరి తండాలో నా పాత స్నేహితుడు రామ్‌చందర్ ఉన్నాడు. వాళ్ళ ఇండ్లకు ఇప్పుడే సున్నం వేశారట. అక్కడికి పోయి పెద్ద గోడల మీద ఙ, ఞ, ౠ రాసి వస్తాను. ఆ గోడ ఫొటోలు ఫోనులో నీకు పంపించమని వాళ్ళ కోడలు సరళకు చెబుతాను.

ఒంటరి మామ,
స్తెఫను


హైదరాబాదు,
4 ఆగస్టు 2025

మామయ్యా,

నేను రాసింది జిలేబీ గురించి కాదు. దేని గురించో మళ్ళీ రాస్తే ఇంకేం ఒప్పుకుంటారోనని భయంగా ఉంది.

సరళ ఫొటోలు పంపింది. ఎర్ర రంగులో, మనిషెత్తున, మూడు ఇండ్ల గోడల మీద మూడు అక్షరాలు. నాకు ఏది ఏదో తెలియలేదు. ఒకటి బోర్లా పడింది. ఒకదానికి తల ఎటో కాలు ఎటో కనబడలేదు. ఇవి చెల్లవేమో అనుకుంటూ మీటింగులో చూపించాను. రాజేష్ గారు లేచి నిలబడ్డారు. "చూశారా, నలభై ఏళ్ళ అనుభవం ఉన్న కళాకారుడు తన పద్ధతిని తనే బద్దలు కొట్టుకున్నాడు!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఉద్యోగం కదా. ఇవే ఖాయం చేద్దామని, ఫాంటు పేరు ‘స్తెఫను’ అని పెడదామని అనుకుంటున్నారు.

మామయ్యా, ఒక్కటి అడుగుతాను, కోపం వద్దు. ఈ మూడూ మీరొక్కరే గీశారా? పక్కన అత్తమ్మ లేదు కదా?

మహిమ


సారపాక,
17-8-2025

కోడలా,

నీ ప్రశ్నకు జవాబు తర్వాత. ముందు నేను ఎమ్మార్వో ఆఫీసు మెట్లు ఎందుకు ఎక్కానో విను.

పక్క ఊళ్ళో రోడ్డు వెడల్పు చేయడానికి కూలగొట్టే ఇండ్లకు ఎర్ర రంగుతో గుర్తులు పెట్టారట. నేను అక్షరాలు రాసిన పూట రామ్‌చందర్ వాళ్ళు పెండ్లికి పోయారు, సరళ ఒక్కతే ఇంట్లో ఉంది. నేను రాసి, టీ తాగి, బస్సెక్కి వచ్చేశాను. పెండ్లి నుంచి తిరిగొచ్చిన తండావాళ్ళు మూడు ఇండ్ల మీద ఎర్ర గుర్తులు చూశారు. చదివితే చదవరాలేదు. చదవరాకపోతే అది సర్కారు రాతే అని తీర్మానించారు. సరళ, "గవి అక్షరాలే, స్తెఫను మామ రాసిండు" అని మొత్తుకున్నా, "బడికి పోయినోళ్ళం మాకు తెల్వదా గిసొంటి అక్షరం?" అని నమ్మలేదట. రామ్‌చందర్ అన్న తుల్సీరాం రెండు ట్రాక్టర్లలో జనాన్ని ఎక్కించుకొని ఆఫీసు ముందు కూర్చున్నాడు. ఆఫీసరు ఫొటో చూసి, ఇది తమ గుర్తు కాదని, రోడ్లవాళ్ళదై ఉంటుందని అన్నాడు. రోడ్లవాళ్ళు కరెంటువాళ్ళదన్నారు. కరెంటాయన మాత్రం, "మాదే కావొచ్చు, ఫైలు చూడాలె" అన్నాడట!

నాలుగో రోజు నన్ను పిలిపించారు. నేను ఆఫీసరు ముందు నిలబడి, "సార్, అది ఙ" అన్నాను. ఆయన ఒక తెల్లకాగితం ముందుకు జరిపి, "ఙ గిట్ల ఉంటదా? ఏదీ, గీసి చూపెట్టు" అన్నాడు. అందరూ చూస్తున్నారు. పెన్ను పట్టుకున్నాను. చివరికి కళ్ళద్దాలు మరిచి వచ్చానన్నాను. అవి నా ముక్కు మీదే ఉన్నాయి.

గోడలకు మళ్ళీ సున్నం వేసి వచ్చాను. రామ్‌చందర్ భార్య ద్వాలి జొన్నరొట్టె పెడుతూ ఒకటే మాట అడిగింది. "అన్నా, ఎప్పుడూ వదినె నీ ఎంట వస్తది కదా. ఈసారి ఎందుకు రాలే?" నేను రొట్టె మింగాను. మాట మాత్రం మింగలేకపోయాను.

నీ ప్రశ్నకు జవాబు ఇంకా తర్వాత.

మామ


తల్లాడ,
24 ఆగస్టు 2025

మహిమకు అత్తమ్మ ముద్దులతో,

సరళ ఆ ఫొటోలు నాక్కూడా పంపింది. మా అక్క చూసి ఎండ్రకాయ అనుకున్నది. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. అవే ఖాయం చేస్తారని నువ్వు ఫోనులో చెప్పాక అన్నం సహించలేదు. బిడ్డా, అది నా ఙ కాదు. రేపు ఎవరో ఏ దేశంలోనో టైపు చేస్తే ఆ బోర్లాపడ్డది వస్తుందా? నా మిగతా అక్షరాల పక్కన?

ఆయన్ను చెడ్డవాడనుకోకు. మొదట్లో ఆడమనిషి గీసిందంటే బోర్డు ఇవ్వరని ఇద్దరం కలిసే దాచాం. నేనే చెప్పొద్దన్నాను. తర్వాత జనం మెచ్చుకోవడం మొదలుపెట్టారు, ఆయనకు అలవాటైంది, నాకూ అలవాటైంది. పేరుదేముంది అని నేనే అనేదాన్ని. ఇప్పుడు అలా అనబుద్ధి కావడం లేదు. నా పేరు నాకు కావాలి. అరవై రెండేళ్ళకు ఇదేం బుద్ధి అని మా అక్క అంటున్నది. అననీ.

అక్షరాలు ఎందుకు వాలాయని మీ బాసు అడిగాడన్నావు కదా. చెప్పు ఆయనకు. జనం వచ్చేలోపు గోడ మీద గీత అయిపోవాలి. ఆ తొందరలో చెయ్యి కుడికి లాగేది. నిదానంగా గీసే వీలుంటే నా అక్షరాలు కూడా నిలబడేవేమో. మీ మామ దానికి పరుగెత్తేవి, నిలబడేవి అని శాస్త్రం చెబుతాడు. విని ఊరుకుంటాను.

క్యాలెండరు వెనక ఙ, ఞ, ౠ గీసి ఈ ఉత్తరంతో పెడుతున్నాను. వాడుకుంటావో లేదో నీ ఇష్టం. ఆయన ఒప్పుకోకుండా నా పేరు మాత్రం పెట్టకు. నీ నోటితో పెడితే నాకొద్దు.

అత్తమ్మ హెప్సిబా


హైదరాబాదు,
5 సెప్టెంబరు 2025

మామయ్యా,

దీంతో ఆఫీసు ఫారం పంపుతున్నాను. అది నిండితేనే ఫాంటు బయటికి వస్తుంది. పాత ఫారంలో ‘కళాకారుడు’ అని ఒకే గీత ఉండేది. రాజేష్ గారితో మాట్లాడి నేను రెండు గీతలు వేయించాను. ‘అక్షరం గీసినవారు’ ఒకటి, ‘రంగు వేసినవారు’ ఒకటి. ఎందుకు మార్చావని ఆయన అడిగారు. మా ఇంటి పద్ధతి అని చెప్పాను.

ఏ గీత మీద ఎవరి పేరు రాయాలో మీ ఇష్టం. రెండింటి మీదా మీ పేరే రాసి పంపినా నేను మారుమాట లేకుండా తీసుకుంటాను. ఇది మాత్రం ప్రార్థన తర్వాత పైకి చదవకండి. ఇంట్లో వినేవాళ్ళు ఎలాగూ లేరు కదా.

మీ కోడలు


సారపాక,
30 సెప్టెంబరు 2025

మహిమకు,

కవరు తిప్పి చూడకు. సారపాక నుంచే రాస్తున్నాను, పెన్నుతోనే రాస్తున్నాను, మీ మామ ఎదురుగా కూర్చునే ఉన్నాడు.

పోయిన శుక్రవారం తల్లాడ వచ్చాడు. రెండు గంటలు మా అక్క ఇంట్లో గోడకున్న క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. లేస్తూ లేస్తూ, "ఆదివారం చర్చిల సాక్ష్యం చెప్పాలె. నువ్వు లేకుంటే ఎట్ల?" అన్నాడు. ఫాంటు వచ్చిందని గొప్పలు చెప్పుకుంటాడు, దానికి నేను ముందు వరసలో కూర్చొని ఆమెన్ అనాలి కాబోలు అనుకున్నాను. అయినా వచ్చాను. ఎందుకొచ్చానని అడగకు.

ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాడు. నీ ఫారం బైబిల్లో మడిచి పెట్టుకున్నాడు. మైకు పట్టుకొని, "నలభై ఒక్క ఏండ్ల నుంచి మీ అందరి దగ్గర ఒక సంగతి దాచిన" అన్నాడు. జనం సర్దుకొని కూర్చున్నారు. "నా పని ఎనక ఒక స్త్రీ ఉన్నది" అన్నాడు. చర్చంతా ఒక్కసారి నా వైపు తిరిగింది. పక్కన కూర్చున్న సంపూర్ణమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకొని, "ఓర్చుకో అక్కా, ప్రభువు చూస్తున్నడు" అన్నది. పాస్టరు గారు కుర్చీలోంచి సగం లేచి, లేవాలో కూర్చోవాలో తెలియక అట్లాగే ఉన్నారు. ఈయనకు ఇవేమీ కనబడలేదు, కళ్ళు మూసుకొని చెబుతున్నాడు. "పొద్దుగాల ఎవ్వరూ లేవకముందు మేమిద్దరం పోయేటోళ్ళం" అన్నాడు. వెనక వరసలో ఎవరో "దేవా!" అన్నారు. నేను మధ్యలో లేచి అరుద్దామా అనుకున్నాను. అప్పుడు కళ్ళు తెరిచి, "ఆమె గిక్కడ్నే కూసున్నది. నా పెండ్లాం హెప్సిబా. సారపాకల మీరు సదివిన ప్రతి బోర్డు ఆమె గీసిందే. నేను రంగు పూసిన, పేరు పెట్టుకున్న. నాకు ఙ రాదు. అ కూడా రాదు" అన్నాడు.

చర్చి మొత్తం హల్లెలూయా అన్నది. ఆయన ఒప్పుకున్నందుకో, ఆ స్త్రీ వాళ్ళనుకున్నట్టు పరాయిది కానందుకో తెలియదు. సంపూర్ణమ్మ నా చెయ్యి వదిలి, "గింతేనా?" అన్నది, కొంచెం నిరాశగా.

బయట ఆడవాళ్ళంతా చుట్టుముట్టి మాట్లాడుతుంటే నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే వచ్చింది, కోపం కూడా కొంచెం కలిసింది. నలభై ఒక్క ఏళ్ళు ఎందుకు పట్టింది అని ఇంటికొచ్చాక అడిగాను. "ఫారం వచ్చినంక నువ్వు లేకుండ పదిహేను రోజులు ఒక్కడ్నే గీసి చూసిన హెప్సీ. నాకు సిగ్గయింది" అన్నాడు. ఇంటి నిండా కాగితాలు, ఒక్క అక్షరం సక్కగా లేదు. చూస్తే జాలేసింది. ఇంకొన్నాళ్ళు గీయమందామనుకొని ఊరుకున్నాను.

తర్వాత ఫారం నా ముందు పెట్టాడు. రంగు వేసినవారి దగ్గర ఆయన పేరు రాసేశాడు. పై గీత ఖాళీగా ఉంది. "నీ పేరు నువ్వే గియ్యి. మన తీరుల గియ్యి" అన్నాడు. ఆ సందులో మన లావు అక్షరం ఎక్కడ పడుతుంది? ముందు బోర్డు రేకు మీద గీద్దాం, ఫారంలో మామూలుగా రాద్దాం అని రేకు దింపించి చాక్‌పీసు తీసుకున్నాను. తీసుకొని అట్లాగే కూర్చున్నాను. కిషన్‌లాల్ పేరు గీశాను, టెంటు హౌసువాళ్ళ పేర్లు గీశాను, ఓడిపోయిన సర్పంచుల పేర్లు కూడా గీశాను. నా పేరు ఎన్నడూ గీయలేదు మహిమా. ‘హె’ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఎవరో వస్తారన్న తొందర లేదు. మూడుసార్లు తుడిచాను. పొద్దు వాలేదాకా గీశాను. తొందర లేకపోయినా అక్షరం కుడికే వాలింది.

మీ మామ ఎర్ర రంగు కలిపి నింపడం మొదలుపెట్టాడు. ఎన్నడూ గీత తప్పని బ్రష్షు, చివరికి ‘బా’ దగ్గరికి వచ్చేసరికి గీత దాటింది. నేను చూస్తానో లేదో అని ఓరగా చూశాడు. గీత దాటింది, తుడువుమన్నాను. తుడిచాడు.

ఫారం, రేకు ఫొటో పంపుతున్నాం. ఙ, ఞ, ౠ క్యాలెండరు వెనక గీసినవే వాడు.

అక్షరం గీసిన,
అత్తమ్మ హెప్సిబా